కట్ట తెగు గడియ



మార్పు ఎల్లప్పుడును మెల్లమెల్లగ వచ్చునని లోకులు తలంతురు. వడమాలపేట చుట్టుపట్ల చెరువును నమ్మి సేద్యము చేయు రైతు అట్లు తలంపడు. పదినాళ్లు వాన కురిసినను కట్ట నిలుచును. పదునొకండవ నాడు జానెడు నీరు హెచ్చినంతనే తెగును. జానెడు నీటికి అంత బలమెక్కడిది? కట్ట అంతకుముందే లోలోపల గుల్లయై యుండును. ఎలుకబొరియలు, చెట్లవేళ్లు నీటికి సన్నని దారులు చూపును. ఊటనీరు మట్టిని కొనిపోవును. దారి వెడల్పగుకొలది నీరు హెచ్చును. నీరు హెచ్చుకొలది దారి మఱింత వెడల్పగును. తేటనీటి ఊటకు రైతు అంతగా వెఱవడు. ఊట బురదయైనచో పరుగెత్తును.

కట్టపై పొర్లిన నీరును ఇట్లే కోయును. 2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీ ఉదయమున రాజంపేట చెంత చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగెను. ఎగువ పింఛా జలాశయపు కట్ట ముందే తెగి, ఆ వఱదయు దీనిపై బడెను. పులపత్తూరు మొదలగు గ్రామములు మునిగెను, పెక్కురు మరణించిరి. కొలది దినములకే తిరుపతి సమీపమున రాయలచెరువు కట్టకు ఊట కనబడెను. దిగువ గ్రామములవారిని తరలించి, బస్తాలు వేసి కట్టను బలపఱచిరి. ఆ చెరువు నిలిచెను. గుఱుతును సకాలమున గుర్తించుటయే రక్ష.

సంఘమునందును ఇట్టి గడియలు కలవు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారావలన స్త్రీలు ఏండ్ల తరబడి బాధపడిరి. ఏ ఒక్కతెయు ఒంటిగ ఎదిరింప జాలకపోయెను. అక్షరాస్యతా తరగతులలో, సారా అంగడిని మూయించిన స్త్రీల కథను వారు చదివిరి. పదిమంది కదలగా పదునొకండవ యామె భయము సగమయ్యెను. 1992లో ఆ యుద్యమము ఊరూర వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము రాష్ట్రమంతట సారాను నిషేధించెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము మాత్రము 1997లోనే సడలెను. గెలిచినదానికిని కాపలా వలయును.

ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయపు తలుపు దినదినము తెఱచుట చిన్నపనిగ తోచవచ్చును. ఏ పుట ఏ పాఠకుని కదలించునో ముందుగ నెవ్వరెఱుగుదురు? చెరువుకట్టను ఏటేట చూచినట్లే, ఈ తలుపు మూతపడకుండ చూచుట ఊరివారి కర్తవ్యము.