మరల శిష్యుడైన విద్వాంసుడు

నెల్లిమర్లలో గాని, చెంతనున్న రామతీర్థమున గాని సన్నాయి మేళము చెవిని పడనివారు మనలో ఉండరు. చెవిని పడినదన్న మాటయే గాని, ఆలకించినవారెందరు? గట్టిమేళమని కేకవేయునప్పుడు తప్ప సన్నాయివాని వంక చూచువారరుదు. మా యింటి పెండ్లిలోనూ అంతే: ఆయన తోడి ఆలపించుచుండగా మేము వడ్డన విషయమై వాదులాడుకొంటిమి.

ఆ వాద్యమునకే జీవితమును ధారవోసిన తెలుగువారు షేక్ చిన మౌలానా. నేటి ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించినారు. తండ్రి కాశిం సాహెబు వద్దను, పిదప చిలకలూరిపేట ఆదం సాహెబు వద్దను శిక్షణ పొందినారు. చేతికి విద్య వచ్చినది. అంతటితో తృప్తి పడవచ్చును. కాని రాజరత్నం పిళ్ళై నాదము ఆయనను నిలువనీయలేదు. నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైక్కణ్ణు పిళ్ళైల నాశ్రయించి తంజావూరు బాణీని అభ్యసించినారు.

ఇది చిన్న పని కాదు. నాదస్వరమునకు లోహపు మీటలు లేవు. ఏడు రంధ్రములు, పీక, ఊపిరి, ఇంతే. రంధ్రమును సగము మూసి, ఊపిరిని హెచ్చించి తగ్గించి గమకమును పలికింపవలె. బాణీ మార్చుట యనగా పెదవికిని ఊపిరికిని ఏండ్లతరబడి అలవడినదానిని మరపించుటయే.

ఇట్టివారే అమెరికాలో నొకరు. 1923లో బోస్టనులో పుట్టిన చార్లీ మారియానో జాజ్ సంగీతమున సాక్సఫోను వాద్యకులుగా పేరొందినారు. బర్క్లీ సంగీత విద్యాలయమున అధ్యాపకులు కూడ. (సాక్సఫోను ఒడలు ఇత్తడిదే, పీకతో పలుకుటచే పాశ్చాత్యులు దానిని కొయ్య వాద్యములలో చేర్చుదురు.) ఆయన నడివయసున నాదస్వరము పట్టి, విద్యార్థియై నేర్చి, తన జాజ్ రికార్డులలో వినిపించినారు. జాజ్ వాద్యకుడు అప్పటికప్పుడు స్వరమును కల్పించును. మన ఆలాపనయు నంతే. చుట్టరికము అక్కడ నున్నది. మారియానో 2009లో కన్నుమూసినారు.

చిన మౌలానా శ్రీరంగమున స్థిరపడి, రంగనాథుని భక్తితో కొలిచినారు. ముసల్మాను గృహమున పుట్టినవారు 1982లో అచ్చట నెలకొల్పిన గురుకులమునకు శారద పేరు పెట్టినారు. నేర్చినది తనతో పోరాదని ఆయన ఆరాటము. 1998లో మదరాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదము ఆయనకు దక్కినది. మరుసటి ఏడే మరణించినారు. మనుమలు కాశిం, బాబు తాతగారి వద్దనే పాఠము చెప్పుకొని, జంటగా కచేరీలు చేసినారు.