బొబ్బిలి వీణలో కొత్త ఐడియా వస్తే, అది ఎవరిది?

ఈరోజు టాపిక్ ఓపెన్ ఇన్నోవేషన్. అంటే కంపెనీ అన్నీ తన గోడల మధ్యే కనిపెట్టకుండా, బయటివాళ్ల ఐడియాలు తీసుకోవడం, తనవి బయటికి ఇవ్వడం. 2003లో హెన్రీ చెస్‌బ్రో పుస్తకంతో ఈ మాట పాపులర్ అయింది.

ఇది "నేను" అనే సమాజంలో బాగా నడుస్తుందా, "మనం" అనే సమాజంలోనా? హోఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు దేశాలకి వ్యక్తివాదంలో మార్కులు వేశాడు. అమెరికాకి 91, ఇండియాకి 48. "మనం" అనేవాళ్లే ఎక్కువ పంచుకుంటారు కదా అనిపిస్తుంది. కానీ ఆ "మనం"లో ఎవరెవరున్నారు? అసలు ప్రశ్న అది.

మన బొబ్బిలి వీణనే తీసుకోండి. పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్లు ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని పిల్లలు నేర్చుకునే విద్య ఇది. ఇంట్లో దాపరికం ఉండదు. కానీ విద్య ఎక్కువగా ఆ గడపల్లోనే తిరుగుతుంది. పిల్లలు వేరే ఉద్యోగాలకి వెళ్లిపోతే ఏటవుద్ది? అక్కడితో ఆగిపోద్ది.

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. 1991లో ఫిన్లాండ్ స్టూడెంట్ లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది అదే. ముక్కూ మొహం తెలియనివాళ్లు అందులో కోడ్ రాశారు. చుట్టరికం లేకపోయినా నమ్మకం ఎలా కుదిరింది? లైసెన్స్ రూల్స్ క్లియర్‌గా ఉన్నాయి, ఎవరు ఏం మార్చారో పేరుతో సహా రికార్డవుతుంది.

బొబ్బిలి వీణకి జీఐ గుర్తింపు ఉంది. 1999 నాటి ఆ చట్టంలో పేరు మీద హక్కు సమూహానిది. ఒక్కో కళాకారుడు కూడా అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవచ్చు. అంటే "మనం", "నేను" రెండూ ఉన్నాయి. అయితే జీఐ కాపాడేది పేరుని, కొత్త ఐడియాని కాదు. గిఫ్ట్‌గా ఇచ్చే బుల్లి వీణలు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. మొదట ఎవరికి తట్టిందని ఎవరైనా అడుగుతున్నారా?

రేపు ఒక కుర్రాడు వీణలో కొత్త మార్పు కనిపెడితే? చెబితే అందరూ చేసేస్తారు, పేరు దక్కదు. చెప్పకపోతే అది అతనితోనే పోతుంది. అందుకే పేరు, తేదీ రాసి పెట్టి, ఆ తర్వాత పంచుకునే అలవాటు మనకి కావాలి.

ఒక్క జాగ్రత్త. పేటెంట్ తీసుకునే ఆలోచన ఉంటే ముందు అప్లై చేయండి, వీడియో తర్వాతే పెట్టండి. బయటపెట్టేసిన ఐడియాకి మళ్లీ పేటెంట్ రావడం చాలా కష్టం.

పంచుకోవడం మనకి చేతకాక కాదు. పంచుకున్నవాడి పేరు నిలబెట్టడం ఇంకా నేర్చుకోవాలి. ఉంటాను మరి!