ఏ తూటాకు ఏ కవచం?

కవచాల గురించి మాట్లాడతానని ఒప్పుకున్న దగ్గర్నుంచి అందరూ అడుగుతున్నది ఒకటే: "ఉక్కు మేలా, కెవ్లార్ మేలా, సిరామిక్ మేలా?" తూటా ఏదో చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదండీ.

9 మిల్లీమీటర్ల పిస్టల్ తూటా బరువు సుమారు 8 గ్రాములు. సెకనుకు 360 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి 500 జౌళ్ల పైచిలుకు. ఏకే-47 తూటా బరువూ దాదాపు అంతే. కానీ దాని వేగం 700 మీటర్లు దాటుతుంది, శక్తి 2,000 జౌళ్లకు చేరుతుంది. 1965లో డ్యూపాంట్‌లో స్టెఫనీ క్వోలెక్ పరిశోధన నుంచి పుట్టిన కెవ్లార్ పోగుల జాకెట్ పిస్టల్ తూటాను ఆపుతుంది. పిస్టల్ తూటాలో ఉండేది మెత్తని సీసం కనుక పోగులకు తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. వెడల్పైన ఆ ముద్దను చాలా పోగులు కలిసి పట్టుకుంటాయి. రైఫిల్ తూటా సన్నని మొనతో, రెట్టింపు వేగంతో దూసుకొస్తుంది. పోగులు సాగి భారాన్ని పంచుకునేలోపే తెగిపోతాయి. చొక్కా కింద తొడుక్కునే మెత్తని జాకెట్‌ను నమ్ముకుని ఏకే ముందు నిలబడకూడదు.

రైఫిల్‌కు గట్టి పలక కావాలి. ఆరున్నర మిల్లీమీటర్ల మందం, 25 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న ఉక్కు పలక 3.8 కిలోలు తూగుతుంది. పాలిథిలీన్ పోగులతో చేసిన పలక మందంగా ఉన్నా అందులో సగం బరువే, నీళ్లలో వేస్తే తేలుతుంది. అయితే పాలిథిలీనే గెలిచిందా?

ఇక్కడే తమాషా ఉంది. అమెరికా సైన్యం ఒకే రైఫిల్‌లో వాడిన రెండు తూటాలు చూడండి. ఎం-193లో ఉన్నది సీసమే, కానీ దాని వేగం సెకనుకు 990 మీటర్ల దాకా ఉంటుంది. ఎం-855 కాస్త నెమ్మది, కానీ ముందుభాగంలో ఉక్కు ముక్క ఉంటుంది. దగ్గర్నుంచి పేలిస్తే మొదటిది సాధారణ ఉక్కు పలకలో బిళ్లంత ముక్కను కోసుకుని అవతలికి పోగలదు, పాలిథిలీన్ మాత్రం దాన్ని పట్టేస్తుంది. రెండోది పాలిథిలీన్ పోగులను తెంపుకుంటూ పోతుంది, ఉక్కు దగ్గర ఆగిపోతుంది. తూటా మారితే వరసే తలకిందులు.

అలాంటప్పుడు సిరామిక్ అక్కరకొస్తుంది. తూటాను విరగ్గొట్టడం దాని పని, ముక్కలను పట్టుకోవడం వెనకున్న పాలిథిలీన్ పొరల పని. సిరామిక్ రకాల్లో అల్యూమినా చవకే గానీ సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.9 గ్రాములు. సిలికాన్ కార్బైడ్‌ది 3.2, బోరాన్ కార్బైడ్‌ది రెండున్నర. మూడింటిలోనూ గట్టిది బోరాన్ కార్బైడే. అయినా 2003లో అమెరికా పరిశోధకులు దాని గుట్టు బయటపెట్టారు: దెబ్బ ఒత్తిడి 20 గిగాపాస్కల్స్ దాటితే నానోమీటర్ల మందపు చారల్లో దాని స్ఫటిక నిర్మాణం చెదిరి, బలం హఠాత్తుగా పడిపోతుంది. మన హైదరాబాద్‌లోని మిధానీ సంస్థ తయారుచేసే భాభా కవచ్ అనే జాకెట్‌లో ఉన్నదీ ఈ బోరాన్ కార్బైడే, కార్బన్ నానోట్యూబులతో కలిపి.

ప్రయోగశాల అంకెలను మరీ నమ్మకండి. జైలాన్ పోగు కెవ్లార్ కన్నా బలమైనదే. కానీ తేమకూ వెలుతురుకూ బలహీనపడిపోయింది. 2003లో పెన్సిల్వేనియాలో జైలాన్ జాకెట్‌ను తూటా చీల్చుకుపోయి ఒక పోలీసు అధికారి గాయపడ్డాడు. రెండేళ్లకు అలాంటి జాకెట్లకు అమెరికాలో గుర్తింపు పోయింది. చెమటలు కారే మన కోస్తా గాలిలో ఆ పోగు గతి ఏమయ్యేదో!

తూటా ఆగినంత మాత్రాన మనిషి క్షేమమని కాదు. అమెరికా ప్రమాణం ప్రకారం కవచం వెనక పెట్టిన మెత్తని మట్టిలో గుంట 44 మిల్లీమీటర్లు మించకూడదు. ఈ పరీక్షలో ఉక్కు ముందుంటుంది, ఎందుకంటే అది పెద్దగా వంగదు. పాలిథిలీన్ బాగా ఉబ్బుతుంది. కానీ ఉక్కుకు తగిలిన తూటా ముక్కలై గడ్డం మీదికీ, మెడ మీదికీ ఎగురుతుంది. ఆ ముక్కలను పట్టేందుకు పలక మీద మందపాటి పాలిమర్ పూత వేస్తారు. అసలే బరువైన ఉక్కుకు ఆ బరువూ కలుస్తుంది.