పాత యిల్లు కొని బాగుచేయుట



ముప్పదినాలుగేండ్లు బడిలో తెలుగు పాఠములు చెప్పి విరమించినవాడను. చిన్ననాట గురువుల సన్నిధిని కావ్యములు, వ్యాకరణము చదువుకొంటిని గాని, ఇటుకలను గూర్చియు వడ్డీలను గూర్చియు నాకు నేర్పినవారు లేరు. అట్టివాడు ఇంటి మరమ్మతును గూర్చి మాటలాడుట యేమని మీకు తోపవచ్చును. విరమించినపుడు చేతికి వచ్చిన సొమ్ముతో నేనొక పాత యిల్లు కొని, బాగుచేయించి, అద్దెకిచ్చితిని. ఆ యొక్క పనిలో పొరబడినన్ని మారులు తక్కిన జీవితమంతటను పొరబడియుండను. ఆ లెక్కలన్నియు వ్రాసి యుంచితిని గనుక, ఈ సాయంకాలము మీ ముందు విప్పుచున్నాను.

మన పల్లెలలోను మండల కేంద్రములలోను పాత మండువా యిండ్లు ఎన్నియో తాళములు వేసియున్నవి. పిల్లలు హైదరాబాదుననో అమెరికాలోనో ఉందురు. పెద్దలు గతించిన పిమ్మట ఇల్లు అమ్మకమునకు వచ్చును. ధర చూచినచో చౌకగా నుండును. టేకు స్తంభములు, వెడల్పైన అరుగులు చూచి మనసు కరగును. నా మనసును అట్లే కరగినది. 2017 డిసెంబరులో, నేను పూర్వము పనిచేసిన యొక యూరిలో, అట్టి యింటిని 9,00,000 రూపాయలకు కొంటిని. స్టాంపులు, రిజిస్ట్రేషను రుసుములు, వ్రాతకూలి కలిసి మరి 75,000 అయినవి. అనగా ధరపైని నూటికి ఎనిమిది రూపాయలకు మించి! ఈ ఖర్చును ముందుగా లెక్క వేసికొనువారు తక్కువ. నా యొద్ద మొత్తము 13,00,000 ఉండెను. మరమ్మతునకు 3,00,000 చాలునని మేస్త్రి చెప్పెను. ఇంకను 25,000 మిగులునని నేను సంతోషించితిని. పుష్యమాసమున పని మొదలిడి, వైశాఖమున ముగించి, జూను మొదలు నెలకు 6,000 అద్దె తీసికొనవచ్చునని కాగితముపై వ్రాసికొంటిని. ఆ కాగితము నేటికిని నా పెట్టెలో నున్నది.

మొదటి అడ్డంకి గోడలనుండి గాక మనుష్యులనుండి వచ్చినది. ఇల్లు అమ్మినవారు ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి స్వార్జితముతో కట్టినది, వీలునామా లేదు. అన్నదమ్ములిద్దరును చేవ్రాళ్లు చేసిరి. పని మొదలైన పదునైదవనాడు ఒక స్త్రీ వచ్చి అరుగుమీద కూర్చుండెను. ఆమె వారి చెల్లెలు. ఒకప్పుడు ఎనిమిదవ తరగతిలో నా శిష్యురాలు. "మాస్టారూ, మా నాన్న యింట నాకు భాగము లేదా? మీరైనను నన్నొక మాట అడుగలేదే!" అనెను. నాకు నోట మాట రాలేదు. వారికి చెల్లెలు గలదని నాకు తెలియకపోలేదు. తెలిసియు అడుగవలెనన్న బుద్ధి పుట్టలేదు.

ఆడపిల్లకు పెండ్లి కట్నముతోనే సరియని మనలో పలువురి తలపు. శాసనమట్లు లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారమే, వీలునామా వ్రాయక గతించిన తండ్రి యాస్తికి కూతురు కొడుకుతో సమానముగా వారసురాలు. ఐతే పుట్టింటివారు నివసించు గృహమును పంచియిమ్మని అడుగుటకు మాత్రము, సోదరులు తమలో పంచుకొనదలచువరకు, ఆమెకు హక్కు లేకుండెను. 2005 సంవత్సరపు సవరణ ఆ నిబంధనను తొలగించినది. పిత్రార్జితము మాటకు వచ్చినచో, మన రాష్ట్రమున 1986 లోనే అవివాహిత కుమార్తెలకు కొడుకులతో సమాన హక్కు కల్పించిరి; 2005 లో అది దేశమంతటను కూతుండ్రందరికిని వర్తించినది. కనుక పాత యిల్లు కొనువారు ఇ.సి. తీయించి, తాకట్టులు లేవని చూచుకొన్నంత మాత్రాన చాలదు. గతించిన యజమానికి బిడ్డలెందరో, ఆడువారెవరెవరో, వారెక్కడ నున్నారో తెలిసికొని అందరిచేతను వ్రాలు చేయింపవలెను. అది చట్టముకొరకే కాదు.

అన్నదమ్ములు ఆమెకు 2,00,000 ఇచ్చి, హక్కు విడుదల పత్రము రిజిస్టరు చేయించునప్పటికి రెండున్నర నెలలు గడచినవి. నా మేస్త్రి ఈలోపల వేరొక పని ఒప్పుకొనెను. వైశాఖమంతయు కూలీలు పెండ్లిండ్లలో నుండిరి. ఆ యేడు అధిక జ్యేష్ఠము వచ్చినది. అధికమాసమున పని పనికిరాదని మేస్త్రి సంకోచింపగా, ఇది క్రొత్తగా కట్టుట కాదు, పాతదానిని బాగుచేయుటయే యని నేనే శాస్త్రము చెప్పి ఒప్పించితిని! మే నెల కడపట పైకప్పు విప్పితిమి.

ఇక్కడ పాత యింటి నిర్మాణమును గూర్చి కొంత చెప్పవలెను. బయటకు సున్నపు గచ్చు మెరయుచున్నను, అట్టి యిండ్లలో చాలవాని గోడలు ఇటుకను బురదతో పేర్చినవి. పైన పెంకులున్నంత కాలము నూరేండ్లైనను నిలుచును. పెంకులు తీసినచో గోడ తల తెరచినట్లగును. వాన నీరు లోన దిగి బురదను కరగించును. ఇటుకకు ఇటుకకు పట్టు పోవును. కావున పైకప్పు పని ఒక్కొక్క వరుసగా విప్పి, కప్పి, తరువాతి వరుసకు పోవలెను. లేదా విప్పినంత మేర టార్పాలినులు కప్పవలెను. మంచి టార్పాలినులకు 6,000 అగునని మేస్త్రి యనగా, మృగశిర కార్తె ఇంకను రాలేదుగదా యని నేను వలదంటిని. జూను మొదటి వారమున ఒకరాత్రి గాలివాన కొట్టినది. తెల్లవారి చూచునప్పటికి ఉత్తరపు గోడ సగము ఒరిగియున్నది. గోడలకని 60,000 అనుకొన్నది 1,25,000 అయినది. 6,000 మిగిల్చి 65,000 పోగొట్టుకొంటిని.

కప్పు విప్పినపుడే మరియొకటి బయటపడెను. దూలములు పైకి నున్నగా నున్నవి; లోపల చెదలు తిని డొల్ల చేసినవి. కొనుటకు ముందు చిన్న సుత్తితో దూలమును తట్టి వినవలెను. గట్టి కఱ్ఱ కంగుమనును, డొల్ల బొద్దుగా పలుకును. గోడలో దూలము చొచ్చు చోటనే చెమ్మ చేరును గనుక, అక్కడ మేకు గుచ్చి చూడవలెను. నేను నడిమి స్తంభములను నిమిరి చూచి మురిసితిని గాని, దూలముల కొనలు చూడనైతిని. కప్పునకు 1,20,000 అనుకొన్నది 1,90,000 వరకు పోయినది. బంగళాపెంకులు మాత్రము చాలవరకు చెక్కుచెదరలేదు. 1865 లో మంగళూరున బాసెల్ మిషనువారు మొదలుపెట్టిన కార్ఖానా నాటి నమూనాయే యిది. పాతవానిని కడిగి తిరిగి వాడుకొంటిమి.

కూలిన గోడ కట్టినపిమ్మట, లోపలి గోడలకన్నిటికిని సిమెంటు పూత పూయుదమని మేస్త్రి పట్టుబట్టెను. నాకొక పాత తాపీ పనివాడు సమయమునకు చెప్పెను: బురదగోడకు సిమెంటు పూసినచో, నేలనుండి పైకెక్కు చెమ్మ బయటకు పోవు దారిలేక లోపలనే నిలుచును, మూడేండ్లలో పూత పెచ్చులుగా రాలును. సున్నము గాలి ఆడనిచ్చును. ఆతని మాట విని సున్నమే పూయించితిని. అది నేడు నిలిచియున్నది. విద్యుత్తీగెలకు 60,000, నీటికిని మరుగుదొడ్డికిని 80,000, రంగులకు 30,000 అయినవి. మొత్తము మరమ్మతు 4,85,000.

వాస్తును గూర్చి మీరు తప్పక అడుగుదురు. నేనును ఆ శ్లోకములు కొన్ని చదివినవాడనే. ఒకరు వచ్చి వీధి గుమ్మమును నాలుగడుగులు తూర్పునకు జరుపుమనిరి. దానిపై కప్పు బరువంతయు మోయు దూలము ఆనియున్నది. జరుపలేదు.

ఇక ధనము మాట. 3,25,000 మాత్రమే మిగిలియుండగా 4,85,000 కావలసివచ్చినది. తక్కువ పడిన 1,60,000 కొరకు బ్యాంకునకు పోయితిని. ఇంటి స్థలము గ్రామకంఠములో నున్నది. వేరు సర్వే నంబరు లేదు. ఇంటిపన్ను రసీదులు చూపితిని. అవి చాలవని, దీనిపై అప్పీయలేమని చెప్పిరి. 2020 ఏప్రిలు 24 న కేంద్రప్రభుత్వము స్వామిత్వ పథకము ప్రారంభించి, గ్రామములలోని యిండ్ల స్థలములను డ్రోనులతో కొలిపించి ఆస్తిపత్రము లిప్పించు పని చేపట్టినది. మీ గ్రామమున అట్టి పత్రములు వచ్చియున్నచో భద్రపరచుకొనుడు; అప్పు పుట్టుటకు అవి ఆధారములు. నాకప్పుడది లేదు. నా భార్య చేతి గాజులు తీసి బ్యాంకులో కుదువ పెట్టుమనెను. అభిమానము అడ్డువచ్చి, ఎరిగినవారి యొద్ద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిని.

రెండు రూపాయల వడ్డీ యనగా సంవత్సరమునకు నూటికి ఇరువదినాలుగు. మాటలో చిన్నదిగా వినబడును. 5,00,000 అప్పును బ్యాంకు తొమ్మిది వంతున పదేండ్లకు ఇచ్చినచో, నెలకు సుమారు 6,334 చెల్లించి అసలుతో సహా తీరిపోవును. అదే సొమ్మునకు రెండు రూపాయల వడ్డీ నెలకు 10,000. పదేండ్లు కట్టినను అసలు కదలదు. నేను 1,60,000 కు నెలకు 3,200 చొప్పున పదునాలుగు నెలలు కట్టితిని: 44,800. గాజులు పెట్టియున్నచో ఆ వడ్డీలో సగమైనను కాకపోవును.

వానలవలన పని కార్తికమువరకు నిలిచినది. తడిసిన గోడలు ఆరినగాని పూత పూయరాదు. మార్గశిరమున ముగిసినది. పుష్యము శూన్యమాసమని ఎవరును చేరలేదు. 2019 ఫిబ్రవరిలో, మాఘమున, ఒక ఉద్యోగి 6,500 అద్దెకు కుదిరెను. జూను మొదలు జనవరివరకు ఎనిమిది నెలల అద్దె, నా లెక్కన 48,000, రాకయే పోయినది. కప్పు కారినను, పని ఆగినను, పెండ్లిండ్లు జరిగినను వడ్డీ మాత్రము ఒక్కనాడును సెలవు పుచ్చుకొనలేదు. ఇల్లు కొనుటకు చాలిన ధనము నాయొద్ద నుండెను. అది అద్దెకు వచ్చువరకు కాచుకొనియుండుటకు ధనము లేకుండెను. కొన్న ధరను, మరమ్మతు అంచనాను కూడి, ఆ పైన అంచనాలో సగమును, ఎనిమిది నెలల ఖర్చును వేరుగా చూపలేనివాడు పాత యిల్లు ముట్టరాదని నేడు నన్నడిగినవారికి చెప్పుచున్నాను. అప్పటి నాకీ మాట చెప్పియున్నచో ఆ యిల్లు కొనియుండను.

ఇంతకు లాభమా నష్టమా యందురు. వడ్డీతో కలిపి నాకు పడినది 15,04,800. ఏడాదికి అద్దె 78,000. పన్ను, చిల్లర మరమ్మతులు, ఖాళీగా నుండు నెల తీసివేయగా 66,000 మిగులుచుండెను. అనగా నూటికి నాలుగున్నరకు లోపు. ఆ సొమ్ము బ్యాంకులో గడువుపెట్టి యుంచిన అంతకు మించి వచ్చియుండును. ఇంటి విలువ పెరుగును గదా యని కొందరందురు. పెరుగవచ్చును, అమ్మినదాక అది చేతిలోని పైకము కాదు. అమ్మదలచినవారు మరమ్మతు రసీదులు పారవేయరాదు. లాభముపై పన్ను కట్టునపుడు, ఇంటిని మెరుగుపరచుటకైన ఖర్చును తీసివేయుటకు అవి కావలెను. కొని 24 నెలలు నిండకమునుపే అమ్మినచో పన్ను వేరొక రీతిగా నుండును. అమ్మకపు పైకము రొక్కముగా 20,000 గాని అంతకు మించి గాని పుచ్చుకొనుట 2015 జూను మొదలు నిషిద్ధము. పుచ్చుకొన్నచో అంత మొత్తమే జరిమానాగా పడవచ్చును. 

పనివారితో నడచుకొనుట యొకటి మిగిలినది. కప్పు పనిని గుత్తకును, గోడల పనిని రోజుకూలికిని ఇచ్చితిని. గోడ విప్పినగాని లోపలి సంగతి తెలియదు. తెలియని పనికి గుత్త చెప్పుమన్నచో మేస్త్రి భయపడి ధర పెంచును, లేదా తక్కువ చెప్పి నడుమ వదలిపోవును. ప్రతిదినము ఎందరు వచ్చిరో, ఎన్ని బస్తాలు విప్పిరో చిట్టా వ్రాసితిని. బడిలో హాజరుపట్టీ వేసిన అలవాటు అక్కడ అక్కరకు వచ్చినది. పని జరిగినంతకే పైకమిచ్చితిని. కప్పునకు కూలి గుత్త 60,000 కాగా, అందులో 6,000 మొదటి వానలు కురియువరకు నిలిపియుంచెదనని పత్రములోనే వ్రాసితిని. మేస్త్రి మొదట కోపించెను, పిదప వ్రాలు చేసెను. 2019 వర్షములలో కప్పు మూడుచోట్ల కారినది. కబురంపగా మరునాడే వచ్చి పైకెక్కి, జారిన పెంకులు సరిచేసి, మరల వాన కురిసి కారలేదని ఇద్దరమును చూచిన పిమ్మట తన 6,000 పుచ్చుకొని వెళ్లెను.