జ్ఞానమని పిలువబడినది: ఆది సంఘములోని జ్ఞానవాద శాఖలు

(పాతనగర సంఘములో చేసిన ప్రసంగ పాఠము)





శతవార్షికోత్సవ సమయమున మన పితరుల త్యాగములను తలంచుకొనుట వాడుక. నేను నేడు వారికంటె చాల వెనుకటి కాలమునకు, అనగా క్రీ.శ. 2వ శతాబ్దమునకు మిమ్మును తీసికొనిపోవ గోరుచున్నాను. కారణము చెప్పెదను. ఇటీవల మన యౌవనులలో నొకడు తన ఫోనులో ఒక వీడియో చూపి, "అయ్యగారూ, తోమా సువార్తను సంఘము దాచిపెట్టిందట, నిజమేనా?" అని నన్నడిగెను. అదే వారములో, షుగరు మందు మానివేసిన ఒక తల్లిని చూడబోతిని. "శరీరం ఏపాటిదండీ, ఆత్మ బాగుంటే చాలునని ప్రార్థనకు వచ్చిన బోధకుడు చెప్పినాడు" అని ఆమె అనెను. ఈ రెండు మాటలు వేరువేరుగా కనబడును గాని, వాటి వేరు ఒక్కటే.

గ్రీకు భాషలో 'గ్నోసిస్' అనగా జ్ఞానము. ఆ మాటయు మన 'జ్ఞానము' అను మాటయు ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టినవి. జ్ఞానము చెడ్డదని ఎవరును అనరు. అయితే కొందరు బోధకులు, రక్షణ విశ్వాసమువలన గాక, యోగ్యులకు మాత్రమే తెలుపబడు మర్మ జ్ఞానమువలన కలుగునని నేర్పిరి. లోకములో ఇంత కీడు ఎక్కడనుండి వచ్చెనన్నదే వారిని వేధించిన ప్రశ్న. అది మనలను కూడ వేధించు ప్రశ్నయే గనుక వారిని తేలికగా త్రోసివేయరాదు. వారిచ్చిన జవాబు మాత్రము ప్రమాదకరమైనది.

వారిది ఒకే శాఖ కాదు. చిన్న ఆసియాలో సెరింథసు అనువాడు, క్రీస్తు బాప్తిస్మమప్పుడు యేసు అను మనుష్యునిమీదికి దిగివచ్చి, సిలువకు ముందే విడిచిపోయెనని బోధించెను. ఎఫెసులో స్నానశాలకు వెళ్లిన యోహాను, లోపల సెరింథసు ఉన్నాడని తెలిసి స్నానము చేయకయే బయటికి పరుగెత్తెనని పాలికార్పు చెప్పినట్లు ఐరేనియసు వ్రాసెను. అలెగ్జాండ్రియాలో బసిలిదేసు అను మరియొక బోధకుడుండెను. యేసుకు బదులుగా కురేనీయుడైన సీమోను సిలువ వేయబడెనని అతడు బోధించినట్లు ఐరేనియసే తెలుపుచున్నాడు.

వీరందరిలో మేధావి వాలెంటినసు. ఐగుప్తునుండి రోమునకు వచ్చి, 2వ శతాబ్దపు మధ్యకాలమున అక్కడ బోధించెను. పరిపూర్ణతయందు 30 దివ్యశక్తులున్నవనియు, వాటిలో కడపటిదైన 'సోఫియా', అనగా జ్ఞానము, దారి తప్పుటవలన ఈ లోకము కలిగెననియు ఆ శాఖవారు నేర్పిరి. మనుష్యులను మూడు తెగలుగా విభజించిరి: ఆత్మ సంబంధులు, ప్రాణ సంబంధులు, మట్టి సంబంధులు. మొదటివారు స్వభావముచేతనే రక్షింపబడుదురు. రెండవవారికి క్రియలవలన కొంత భాగ్యము కలదు. మూడవవారికి నిరీక్షణయే లేదు.

మార్షియను పూర్తిగా జ్ఞానవాది కాకపోయినను వారికి సమీపస్థుడు. పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని చెప్పి, లూకా సువార్తను కత్తిరించి, దానితో పౌలు పత్రికలు పదింటిని మాత్రమే ఉంచుకొనెను. 144లో రోము సంఘము అతనిని వెలివేసి, అతడిచ్చిన కానుక సొమ్మును తిరిగి ఇచ్చివేసెను. డబ్బు కొరకు బోధను ఓర్చుకొనని ఆ సంఘమును మన కమిటీలు జ్ఞాపకముంచుకొనవలెను!

లియోను అధ్యక్షుడైన ఐరేనియసు సుమారు 180లో అయిదు సంపుటములలో వీరికి జవాబు వ్రాసెను. చాలకాలము వీరిని గూర్చి మనకు తెలిసినదెల్ల ఎక్కువగా విరోధుల వ్రాతలవలననే. 1945లో ఐగుప్తులోని నాగ్ హమ్మాది యొద్ద పల్లెవారికి ఒక మట్టి జాడీ దొరికెను. అందులో కోప్తు భాషలోనున్న 13 పుస్తకములు బయటపడెను. తోమా సువార్త పూర్తి ప్రతి వాటిలోనిదే. అది నేడు అచ్చులో నున్నది, ఎవరైనను చదువవచ్చును. అది పూర్తిగా జ్ఞానవాద గ్రంథమా కాదా అని పండితులు ఇంకను వాదించుచున్నారు. అందులో 114 మాటలున్నవి గాని, సిలువ వృత్తాంతము లేదు, పునరుత్థాన వృత్తాంతము లేదు. కడపటి మాటలో, స్త్రీ జీవములో ప్రవేశించుటకు పురుషునిగా మార్చబడవలెనని యున్నది. మన యోహాను సువార్త 20వ అధ్యాయములోనైతే, లేచిన ప్రభువును మొదట చూచి వార్త మోసినది మగ్దలేనే మరియ. ఆమె స్త్రీగానే పంపబడెను.

ప్రియులారా, మనము ప్రతి ఆదివారము చెప్పుకొను విశ్వాస ప్రమాణమును ఈ వెలుగులో చూడుడి. దేవుడే ఆకాశమును భూమిని చేసెనని ఒప్పుకొనుట, ఈ లోకము పొరపాటున పుట్టినది కాదని చెప్పుటయే. కన్యక గర్భమున జన్మించెనని చెప్పుట, ఆయనది నిజమైన శరీరమని చెప్పుటయే. పొంతి పిలాతు పేరు అందులో ఎందుకు? ఆ శ్రమ ఒక కలగాని నీడగాని కాదు, ఫలాని అధికారి కాలములో జరిగినదని చెప్పుటకే.

చార్మినారు చుట్టు నివసించు మనకు ఇది నిత్యానుభవము. మన ముస్లిము పొరుగువారు ఖురాను 4వ అధ్యాయమును బట్టి, యేసు సిలువ వేయబడలేదని మనతో అందురు. వారు బసిలిదేసు శిష్యులని నేను చెప్పుట లేదు. అతని శాఖ శరీరమును తృణీకరించినందున అట్లు పలికెను. వీరు దేవుని ప్రవక్తయందలి గౌరవముచేత అట్లు పలుకుదురు. ఈ తేడా తెలిసికొనక వాదమునకు దిగరాదు. మొహర్రము పదియవ దినమున దబీర్‌పురానుండి బీబీ కా ఆలము బయలుదేరినప్పుడు, హుస్సేను చిందించిన రక్తమును తలంచి ఏడ్చువారిని మనము చూచుచున్నాము. నీతిమంతుని శ్రమను అంతగా ఎరిగినవారితో, దేవుడు మనకొరకు ఎందుకు శ్రమపడెనో ప్రేమతో మాటలాడ శక్యము కాదా?

ఇంకొక మాట. మనుష్యులను పుట్టుకతోనే మూడు తెగలు చేసిన బోధ మన పితరులకు క్రొత్త కాదు. మాల మాదిగ పేటలలో పుట్టినవారికి జ్ఞానము తగదని ఈ దేశము తరతరములుగా చెప్పెను. సువార్త అట్లు చెప్పలేదు. 1912లో దోర్నకల్ మొదటి అధ్యక్షుడుగా అభిషేకము పొందిన అజరయ్య గారు, క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత తలమీద చేయి పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే తమకు శ్రమయని పలికించెడివారు. చదువురాని కూలివాడు ఆ దినముననే సాక్షి ఆయెను! మర్మము కొందరికే అనువారెక్కడ, వీధిలో చాటుమను ప్రభువెక్కడ?

ఆ యౌవనునితో నేననినది: నాయనా, తప్పక చదువుము, మన నాలుగు సువార్తల ప్రక్కన పెట్టి చదువుము. ఆ తల్లితో ననినది: అమ్మా, నీ శరీరమును దేవుడు చేసెను, దానినే తిరిగి లేపును, ఆయన లేపబోవుదానిని నీవు పాడుచేయకుము, మందు వేసికొనుము.

రాబోవు నూరేండ్లకు మన పిల్లలకు మనము అప్పగింపవలసిన జ్ఞానము ఇదే. అది రహస్యము కాదు. సిలువవేయబడి లేచిన ప్రభువే. ఆయనకే మహిమ కలుగునుగాక. ఆమేన్.