నీటిలో కరిగేవి, కరగనివి
(సోలాపూర్ నేతపేటలో చేసిన ప్రసంగ పాఠం)



పట్టుపోగులో సుమారు నాలుగోవంతు సెరిసిన్ అనే జిగురు. వేడి సబ్బునీటిలో అది కరుగుతుంది. ఫైబ్రాయిన్ అనే అసలు పట్టు కరగదు. అందుకే అద్దకానికి ముందు పట్టును ఉడకబెడతారు.

కొన్ని బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కంటికి కనబడకుండా కరిగి ఉంటాయి. సబ్బుతో కలిస్తే కరగని తెట్టుగా మారి పోగుకు అంటుకుంటాయి. అక్కడ రంగు సరిగా పట్టదు. నీటి దోషానికి నింద మీ గూళ్ల మీద పడుతుంది.

సీసాలో నీళ్లు పోసి, కాస్త సబ్బు వేసి కుదపండి. నురగ రాక తెట్టు కడితే అది కఠిన జలం. అందులో ముందుగా కొద్దిగా బట్టల సోడా కలపండి. సున్నపు మడ్డి అడుక్కి దిగాక, పైన తేరిన నీటిని వంచుకోండి. సోడా మితిమీరితే పట్టే దెబ్బతింటుంది. శుభ్రంగా పట్టిన వాననీరు దొరికితే మరీ మంచిది.