మూడు ఓడలు, ఒక పేరు: గోదావరి లెక్క

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ పెద్దాయన గురించి చెప్పవలసినవన్నీ నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను ఒక్కటే కలుపుతాను. తేదీ లేని కాగితాన్ని ఆయన సాక్ష్యంగా ఒప్పుకునేవారు కాదు. తేదీ చేతికి దొరికితే ఎంతటివాడితోనైనా వాదానికి దిగేవారు. ఆ రెండో గుణాన్నే ఈ పూట నేను అరువు తెచ్చుకుంటున్నాను. చాలాకాలంగా తెగని ఒక తగాదాను మీ ముందు పెట్టవచ్చుననే ఈ గౌరవాన్ని స్వీకరించాను. భారత నౌకాదళ చరిత్రలో ‘గోదావరి’ పేరు మోసిన యుద్ధనౌకలు ఎన్ని? స్వాతంత్ర్యం తర్వాతి రెండే లెక్కలోకి వస్తాయని కొందరంటారు. మూడూ వస్తాయని నా వాదన.

పాత ఓడ పేరు కొత్త ఓడకు పెట్టే ఆచారం తెలిసిందే కనుక దాన్ని త్వరగా దాటేద్దాం. 1961లో దళంలో చేరి 1997లో విరమించిన ‘విక్రాంత్’ పేరును 2022లో కొత్త విమానవాహక నౌకకు పెట్టారు. 1971 డిసెంబరు 9న మునిగిపోయిన ‘ఖుక్రీ’ పేరుతో 1989లో మరో ఓడ వచ్చింది. బ్రిటిష్ నౌకాదళంలోనైతే యుద్ధ గౌరవాలు కూడా పేరు వెంటే సంక్రమిస్తాయి. పేరుకు వారసత్వం ఉంటుందా అన్న దానిమీద ఇక్కడ గొడవ లేదు. ఆ వారసత్వాన్ని ఎక్కడినుంచి లెక్కపెట్టాలన్నదే గొడవ.

ముందు వాస్తవాలు. మొదటి గోదావరి 1943లో రాయల్ ఇండియన్ నేవీలో చేరిన స్లూప్. విభజనలో అది పాకిస్తాన్ వాటాకు పోయి ‘సింధ్’ అయింది. రెండోది 1953లో బ్రిటన్ నుంచి అరువుకు తెచ్చి, 1959లో కొన్న డిస్ట్రాయర్. దాని అసలు పేరు బెడేల్. యుద్ధకాలంలో పోలండ్ నావికులు ‘ష్లొంజాక్’ పేరుతో దాన్ని నడిపారు. 1942 నాటి డియెప్ దాడిలో అది పాల్గొంది. 1976లో మాల్దీవుల దగ్గర నేల తట్టి దెబ్బతిన్నది ఈ ఓడే. మూడోది మన దేశంలోనే రూపకల్పన చేసి బొంబాయి మజగావ్ డాక్‌లో కట్టిన ఫ్రిగేట్. 1983 డిసెంబరు 10న దళంలో చేరింది. 1988 నవంబరులో మాల్దీవుల్లో తిరుగుబాటు విఫలమయ్యాక బందీలతో పారిపోతున్న ‘ప్రోగ్రెస్ లైట్’ ఓడను అడ్డుకున్నది, 2015 డిసెంబరులో విరమించినది ఇదే.

ప్రతివాదుల మొదటి మాట: 1943 ఓడ వలస ప్రభుత్వానిది, దాన్ని మన లెక్కలో ఎలా కలుపుతాం? ఈ న్యాయం నిలబడాలంటే జమున, సట్లెజ్, కావేరి, కృష్ణలకూ వర్తించాలి. ఆ నాలుగు స్లూపులూ వలస దళంలోనే పుట్టాయి, విభజన తర్వాత మన దగ్గర ఉండిపోయాయి. 1950 జనవరి 26న అవి కొత్తగా పుట్టాయని ఎవరూ అనరు. నౌకాదళ చరిత్రకారుడు సత్యీంద్ర సింగ్ 1945 నుంచి 1950 దాకా నడిచిన కథను ‘అండర్ టూ ఎన్‌సైన్స్’ అనే ఒకే సంపుటంగా రాశారు. మధ్యలో జెండా మారింది గానీ చరిత్ర తెగలేదు. పుట్టుక పరాయిదన్నదే అభ్యంతరమైతే 1953 ఓడ కూడా బ్రిటన్‌లో పుట్టి పోలండ్ జెండా కింద పోరాడినదే. దాన్ని కూడా కొట్టేస్తే మిగిలేది 1983 ఓడ ఒక్కటే. అంత దూరం పోవడానికి ప్రతివాదులు సిద్ధంగా లేరు.

రెండో మాట ఇంకా బలమైనది: ఓడే పాకిస్తాన్‌కు పోయినప్పుడు దాని చరిత్ర కూడా అక్కడికే పోలేదా? పోయింది ఉక్కు. పేరు పోలేదు. పొలం అమ్మితే సర్వే నంబరు కొన్నవాడి ఖాతాలోకి పోతుంది, అమ్మినవాడి పేరు వెంట పోదు. పాకిస్తాన్ ఆ ఓడను ‘సింధ్’ అని, అలాగే తమ వాటాకు వచ్చిన ‘నర్బద’ను ‘ఝీలం’ అని మార్చుకోవడమే దీనికి రుజువు. గోదావరి అన్న పేరును వాళ్లు వదిలేశారు గనుకనే 1953లో మనం మళ్లీ పెట్టుకోగలిగాం. ఇక యుద్ధకాలపు సేవ ఎవరిదంటారా? డి.జె.ఇ. కాలిన్స్ రాసిన ‘ది రాయల్ ఇండియన్ నేవీ, 1939–1945’ 1964లో వెలువడింది. ప్రచురించింది భారత, పాకిస్తాన్‌ల ఉమ్మడి చరిత్ర విభాగం. రెండు ప్రభుత్వాలూ ఉమ్మడి సొత్తుగా అచ్చువేసుకున్న సేవను, మనకై మనం ఒక పక్షానికే రాసిచ్చేయడం చరిత్ర అనిపించుకోదు. మధ్యలో అయిదేళ్ల ఖాళీ ఉందన్న మూడో మాటకు జవాబు సులువు. విక్రాంత్‌కు పాతికేళ్ల ఖాళీ అడ్డు కానప్పుడు గోదావరికి అయిదేళ్లు అడ్డవుతాయా?

ఓడ చరిత్రలో ఉక్కు, పేరు, సేవ అని మూడు వరుసలుంటాయని, మూడూ ఎప్పుడూ ఒకే దారిన పోవని దీన్నిబట్టి తేలుతోంది. నేనిప్పుడు తయారుచేస్తున్న నామసూచిక ఈ మూడు వరుసల మీదే నడుస్తుంది. తెలుగు నేల పేర్లు మోసిన ఓడలన్నీ అందులో చేరతాయి: గోదావరులు మూడు, కృష్ణలు రెండు, కాకినాడ, విశాఖపట్నం వంటివి. సముద్రం లేని కర్నూలుకు ఈ లెక్కతో ఏం పని అని అడిగేవారుంటారు. ఈ ఊరి పక్కన పారే తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది, అక్కడినుంచి కృష్ణ పేరుతోనే సముద్రానికి చేరుతుంది. అంతకన్నా దగ్గరి సాక్ష్యం మన కర్నూలు–కడప కాల్వ. 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాని పని మొదలుపెట్టింది. సాగుకే కాదు, పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. సుంకేసుల నుంచి కడప దాకా పోయే ఆ కాల్వ సాగు సంగతి అందరికీ గుర్తుంది, పడవల సంగతి మరుగున పడింది. యుద్ధనౌకలకు పనికివచ్చే మూడు వరుసలూ కాల్వ పడవలకూ పనికివస్తాయి. కాబట్టి సభకు నా విన్నపాలు రెండు. రేపు గోదావరి పేరుతో మరో ఓడ వస్తే దాన్ని నాలుగోదిగా లెక్కించమని మీరూ నాతో కలిసి అడగండి. కాల్వ మీద నడిచిన పడవల రసీదులు, రేవు చిట్టాలు మీ ఇళ్లలో ఉంటే తేదీ చూసి నాకు పంపండి.